ఇసుక జోకుకు శాలువా

సైదులూ,

మన కామెడీ ఆల్బం ఈరోజు మిర్యాలగూడలో విడుదలైంది. కోదాడ స్టేజీ మీద నువ్వు చెప్పిన జోకులు, సూర్యాపేటలో నా గదిలో మనం రికార్డు చేసిన స్కిట్లు, నేను పాడిన పాటలు అన్నీ ఉన్నాయి. ఇసుక లారీల జోకు తీసేయమని మీ అమ్మ బతిమాలింది. నేను తీయలేదు. తీస్తే నువ్వు ఊరుకుంటావా?

ఆల్బంలో ఆ జోకుకు అందరి నవ్వులూ ఆగిపోయాక కూడా ఒక్కడి చప్పట్లు వినిపిస్తాయి. ముందు వరుసలో కూర్చున్న ఆ లారీల యజమానివే అవి. ఆ రోజు స్టేజీ ఎక్కి నీకు శాలువా కప్పాడు. మూడో రోజు గరిడేపల్లి దాటాక నీ బండిని లారీ గుద్దింది, అక్కడికక్కడే పోయావు. అది ఎవరి లారీయో చూడలేదన్నారు అందరూ.

ఈరోజూ పిలవకుండానే వచ్చాడు. అదే జోకుకు అందరికంటే గట్టిగా నవ్వాడు. స్టేజీ ఎక్కి నాకు శాలువా కప్పి, మడతలు సర్దుతూ మెల్లగా అడిగాడు.

"మంచిగ పాడినవ్ తమ్మీ. ఇంటికి బండి మీదనే పోతవా?"

"లేదన్నా, బస్సుల పోత."

"ఏ బస్సు?"

బస్టాండులో కూర్చుని ఇది రాస్తున్నాను. సూర్యాపేట బస్సులు ఇప్పటికి మూడు వెళ్లిపోయాయి.