గడువు దాటిన పద్దెనిమిది రోజులు

జూలూరుపాడు,
17 నవంబరు 2006.

చెల్లి గ్రేస్‌కు,

నీకూ, మరిదిగారికీ, పిల్లలకూ పెద్దక్క దీవెనలు.

2003 జూన్ పన్నెండు, గురువారం. అప్పుడే వాన వెలిసింది. తమ్ముడు సుకుమార్ మందుల షాపు షట్టర్ ఎత్తి మెట్ల మీది బురద కడిగాడు. లోపల మరదలు జ్యోత్స్న ఉప్మాకు పోపు వేస్తోంది. నేను కీర్తన పాడుకుంటూ కౌంటర్ తుడుస్తున్నాను. తండా నుంచి సోమ్లి వచ్చింది.

"మొన్నటి గోలీలు మంచిగ పన్జేసినయ్ సుకుమారూ. గోడ పట్టుకోకుండ లేసిన."

"గట్లయితే పందెం ఉరుకుదాం రా" అన్నాడు వాడు.

ముగ్గురం నవ్వుతుండగానే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ జీపు ఆగింది. ఆయన గోడకున్న లైసెన్సు చదివాడు. బయటికి వెళ్లి ఇంటి నంబరు చూసి వచ్చాడు.

"ఇది బస్టాండు దగ్గరి గదికి ఇచ్చింది కదా. ఈ గదికి ఏదండీ?"

"నాకు తెల్వలే సార్. తప్పు నాదే" అన్నాడు సుకుమార్.

వాడికి తెలుసు గ్రేస్. కిరాయి పెంచారని షాపును మన ముందుగదికి మార్చేటప్పుడే చెప్పాడు. "అక్కా, లైసెన్సు గదికి ఇస్తరు, మనిషికి కాదు. ఖమ్మంల దరఖాస్తు పెట్టి, కొత్తది వచ్చినంక తెరుద్దాం" అన్నాడు. నేనే వినలేదు. పాస్టరు గారు ఆదివారం కొత్త షాపులో ప్రార్థన పెట్టారు, ఊరంతా వస్తుంది. మనిషి అదే, మందులు అవే అనుకున్నాను. "ప్రార్థన చేసిన దుకాణం మూసిపెడ్తమా?" అన్నాను. అమ్మ పోయాక మీ ఇద్దరినీ పెంచినదాన్ని. వాడు నా మాటకు ఎదురు చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు కూడా చెప్పలేదు. నేను గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మందులన్నీ రాసుకుని, సీలు వేసి తీసుకెళ్లారు. అప్పటి నుంచి వాడు మొదటి బస్సుకు కొత్తగూడెం వెళ్లి ఇంకొకరి షాపులో పని చేస్తున్నాడు. ఈ జూలై చివర కోర్టు సమన్లు వచ్చాయి. రుజువైతే ఏడాదికి తక్కువ కాకుండా, మూడేళ్ల దాకా జైలట. కోర్టులో లేచి నిజం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. నీ ఇంట్లో నాకు చోటుందా అని పోయిన నెల అడిగింది అందుకే. నిజం తెలిశాక జ్యోత్స్న చేతి అన్నం ఎలా తింటాను?

నిన్న వాయిదా. మన వకీలు వెంకటనారాయణ గారు ఒక్క మాటే పట్టుకున్నారు. మూడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరానికి, అది బయటపడ్డ రోజు నుంచి మూడేళ్లలోపే ఫిర్యాదు కోర్టుకు చేరాలి. మనది చేరింది జూన్ ముప్పైన.

మేజిస్ట్రేటు నీకంటే చిన్నమ్మాయి. తేదీలు తానే లెక్కపెట్టింది. "పద్దెనిమిది రోజులు ఆలస్యం. కారణం?" అని సర్కారు తరఫు ఆయన్ను అడిగింది. ఫైలు అనుమతి కోసం తిరిగిందన్నారు. ఎక్కడ ఎన్నాళ్లు ఆగిందో కాగితం లేదు. "ఇది కారణం కాదు" అని, నేను లేచేలోపే కేసు మూసేసింది. మా తప్పు లేదని అనలేదు. గడువు దాటిందని మాత్రమే అంది.

గ్రేస్, ఎవరి మనసైనా కరగాలని ఇన్నాళ్లూ ప్రార్థించాను. ఎవరి మనసూ కరగలేదు. పోలీసులూ, జైళ్లూ ఉన్న అంత పెద్ద సర్కారు, తన చేతికి తానే ఎప్పుడో ఒక హద్దు రాసుకుంది. మందుల షాపువాడి ముందు ఆ హద్దు దగ్గర ఆగిపోయింది. దేవుని సన్నిధిలో తప్ప అలా ఎక్కడా తల వంచలేదు నేను.

బయట ఇన్‌స్పెక్టరే వచ్చి సుకుమార్ భుజం తట్టాడు. ప్రార్థన సంగతి ఊళ్లో విన్నట్టున్నాడు. "ఈసారి ముందు కాగితం, తర్వాతే ప్రార్థన" అన్నాడు. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం అన్నాల దగ్గర జ్యోత్స్నకు అంతా చెప్పాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"మూడేండ్లు ఈయన్ను తెలివి లేదని తిట్టిన వదినా. నేను తిడుతుంటే పక్కనే కూసోని బియ్యం ఏరినవ్."

"అవ్" అన్నాను. "గ్రేస్ దగ్గరికి పోత."

"పోయి? తిట్టిన పాపం నేనొక్కదాన్నే మొయ్యాల్నా? ఏడికీ పోవద్దు. కొత్త లైసెన్సుకు దరఖాస్తు నువ్వే పట్టుకపో. ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు పోవాలె."

"అక్కకు బస్సు పడదే" అన్నాడు సుకుమార్.

"పడ్తది."

వాడు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆమె ముద్ద నోట పెట్టుకుంది. సోమవారం పొద్దున ఖమ్మం బస్సెక్కుతున్నాను. లైసెన్సు చేతికొచ్చేదాకా షట్టర్ ఎత్తం. నా కోసం గది ఖాళీ చేయవద్దు.

నీ పెద్దక్క,
సంపూర్ణ