పందెం నువ్వే గెలిచావు, మల్లన్నా

మల్లన్నా,

నువ్వే గెలిచావు! పొద్దున డ్యూటీ బస్సులో ఫోన్‌లో వార్త చూశాను. ఇక్కడి గల్ఫ్ గ్యాస్‌ను ఏళ్ల తరబడి కొనడానికి చైనా పెద్ద ఒప్పందం చేసుకుందట. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దగ్గర పడిందేమో, బస్సంతా ఆట ముచ్చట్లే. నేనొక్కణ్ణే "చైనా! చైనా!" అని అరిచాను. పక్కనే ఉన్న మన రూమ్ రాజేశం, "చైనా అసలు ఆడుతనే లేదు కదనే?" అన్నాడు.

రాస్ లఫాన్ రేవులో, జెట్టీ మీద మనిద్దరం గ్యాస్ ఓడలకు తాళ్లు కట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఎక్కువ గ్యాస్ జపాన్‌కే పోతుందని నేను పందెం కాస్తే నువ్వు నవ్వేవాడివి.

"చూస్తుండు, చైనా వస్తది. వాళ్లకు ఆయిల్ చానమట్టుకు సముద్రం మీదికెల్లే రావాలె, అందుకే గ్యాస్ గూడ కొని పెట్టుకుంటరు. పొలమున్నోడు ఒక్క బోరునే నమ్ముకుంటడారా? నాలుగు బోర్లేసినోణ్ణి, నాకు తెల్వదా?"

పందెంలో ఓడినవాడు గెలిచినవాడి డ్యూటీ డ్రెస్సు, ఆ కవరాల్, ఉతకాలని మన రూమ్ రూల్ కదా. నువ్వు పోయాక, నిన్నూ, నీ సామానునూ ఊరికి పంపే హడావిడిలో, నీ కవరాల్ ఒకటి క్యాంప్ దండెం మీదే మర్చిపోయాం. ఏడాదిగా అది నా పెట్టెలోనే ఉంది.

ఇవాళ డ్యూటీ దిగగానే బకెట్‌లో నానబెట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా ఉతికాను. మోచేతి దగ్గరి గ్రీజు మరక మాత్రం వదల్లేదు. అలాగే దండెం మీద ఆరేశాను.

"ఎవలిదే ఇది?" అని రాజేశం అడిగాడు.

"గెలిచినోనిది" అన్నాను.