తలా కాసిని నీళ్లు

జూన్ 3
పిన్నిని తీసేశారు. ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే, ఎడిటర్‌కి కూడా. ఈ పత్రికలో నా కాలమ్ మొదలైన దగ్గర్నించీ ప్రూఫ్ చూసింది ఆవిడే. ఇక ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుందట. కార్మికుల హక్కుల మీద నా చేత స్పెషల్ ఇష్యూ రాయించుకున్న ఆ ఎడిటర్ పెద్దమనిషే ఈ ముక్క మీటింగ్‌లో చల్లగా చెప్పాడు. ఒక్కరు నోరెత్తితే ఒట్టు. నేను అరిచాను. నా అరుపు వీళ్లకి ఫ్యాన్ చప్పుడుతో సమానం.

జూన్ 4
పిన్ని డ్రాయరు ఖాళీ చేసుకుంది. మనీప్లాంటు మాత్రం కదిలించడం కుదరదు. ఆవిడ టేబుల్ పక్క కుండీలోంచి లేచి, గోడంతా పాకి, కిటికీ మీదుగా ఎడిటర్ క్యాబిన్ తలుపు దాకా వెళ్లింది. అది పాకేకొద్దీ టేపు ముక్కలు అంటిస్తూ వచ్చింది ఆవిడే. ఇది పచ్చగా ఉన్నంతకాలం ఆ కుర్చీ నాదే అని నవ్వింది. సంతకాలు పెట్టించి వెనక్కి రప్పిస్తాననీ, అందాకా మొక్కని చూసుకుంటాననీ మాటిచ్చాను. మట్టి ముట్టుకు చూసి, ఎండితేనే నీళ్లు పోయమంది. సరే సరే అన్నాను. ఎడిటర్ క్యాబిన్ వైపు చూస్తూ.

జూన్ 9
వినతిపత్రం తిప్పాను. సంతకం కన్నా కార్టూన్ గట్టిగా తగులుతుందన్నాడు కార్టూనిస్టు. ఏదీ కార్టూన్ అంటే టీకి వెళ్లిపోయాడు. సబ్‌ఎడిటరమ్మ వాళ్లాయన్ని అడిగి చెప్తుందట. మహిళల పేజీ చూసేది ఈవిడే! అకౌంటెంట్ బాబాయ్ కళ్లజోడు వెతుక్కుంటూనే ఉన్నాడు. అది నెత్తిమీదే ఉంది.

జూన్ 10
నా సంతకం ఒక్కటే.

జూన్ 17
ఆకులు పసుపు తిరుగుతున్నాయి. నీళ్లు చాలడం లేదేమో. మగ్గు నిండా పోశాను.

జూన్ 24
కాలమ్ లేటయి పెందలాడే వచ్చాను. అకౌంటెంట్ బాబాయ్ తన బాటిల్ కుండీలో ఒంపుతున్నాడు. నన్ను చూసి దొంగలా నవ్వాడు. కాసేపటికి సబ్‌ఎడిటరమ్మ, అటూ ఇటూ చూసి ఓ గ్లాసు. తర్వాత కార్టూనిస్టు. ఒకరు పోసినట్టు ఇంకొకరికి తెలీదు. మధ్యాహ్నం క్యాబిన్ తలుపు తీసుకుని ఎడిటరే వచ్చాడు! ఉద్యోగం పీకిన చేత్తోనే, తాను తాగగా మిగిలిన నీళ్లు.

కుండీ కింద పళ్లెం నిండి నేలమీదికి కారుతోంది. అప్పుడు పెట్టాను మట్టిలో వేలు. బురద. కుళ్లు వాసన. నేనూ రోజూ పోస్తూనే ఉన్నానుగా.

జూన్ 26
పిన్నిని రమ్మన్నాను. మొదలు పట్టి లాగింది. వేరు ఒక్కటీ అడ్డుపడలేదు, మెత్తగా ఊడి చేతిలోకొచ్చింది. ఎవరెవరు పోశారంది. చెప్పాను, నాతో సహా. వినతిపత్రం సంగతి అడిగింది. అదీ చెప్పాను.

"సంతకం పెట్టనివాళ్లంతా నీళ్లు పోశారన్నమాట," అంది. "పోనీలే అమ్మాయ్, ఊరికే కూర్చోలేదుగా."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది కాబట్టి చెల్లుకు చెల్లు అనుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కొసన ఒక కణుపు ఇంకా పచ్చగానే ఉంది, సీసాలో పెట్టుకోమని ఇవ్వబోయాను. వద్దంది. కొత్తగా చేరిన చోట కిటికీ లేదట.

జూలై 1
గోడకి రంగు వేస్తున్నారు. టేపు ఊడింది గానీ, తీగ పట్టుకున్న మరకలు గీకినా పోవడం లేదు, ఎడిటర్ తలుపు దాకా. ఏం పురుగు పట్టిందమ్మా ఈ గోడకి అని పెయింటర్ అడిగాడు.
అందరం తలొంచుకుని పని చేసుకుంటున్నాం.