నీలి గింజల పేజీ

జులై 3
ఇంటర్నెట్‌లో ఏది నమ్మాలో తొమ్మిదో తరగతికి నేర్పే పీరియడ్ నా నెత్తిన పడింది. పుస్తకంలో ఉదాహరణలు చప్పగా ఉన్నాయి. నేనే ఒక దొంగ వెబ్‌పేజీ తయారు చేశాను. నీలి గింజలు నానబెట్టిన నీళ్లు వారం తాగితే ఇక బీపీ మాత్రలు అక్కర్లేదట. లేని డాక్టరు, లేని యూనివర్సిటీ. మాత్రలంటే మా అక్కకి ఎంత విసుగో తెలుసు. ఆవిడ మాటలే రాశాను. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది.

జులై 5
ఎ సెక్షన్ పిల్లలు తిన్నగా పేజీ అడుక్కి వెళ్లి, "ఇది పాఠం కోసం కల్పించినది" అన్న లైను చదివేసి చేతులెత్తారు. ఆ లైను తీసేశాను.

జులై 6
బి సెక్షన్లో క్లాసు అదిరింది. డాక్టరు లేడని పది నిమిషాల్లో తేల్చేశారు. వెనక బెంచీ పిల్ల మాత్రం బయటివాళ్లు చూస్తే ఎలా మేడమ్ అంది. దాని మొహం ఎవరు చూస్తారే అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

జులై 8
పేజీ తీసేయాలి. పేపర్లు దిద్దడం అయ్యాక.

జులై 19
అక్క ఫార్వర్డులు రోజుకి పది. పువ్వులు, సూక్తులు, చిట్కాలు. మ్యూట్‌లో పెట్టి నెల దాటింది. చెత్త తెరవకపోవడమే సగం చదువని ఇవాళ క్లాసులో గొప్పగా చెప్పాను.

ఆగస్టు 2, మధ్యాహ్నం
బావగారి ఫోన్. అక్క వంటింట్లో పడిపోయిందట. మెదడులో నరం చిట్లిందట.

ఆగస్టు 2, సాయంత్రం 6
ఆస్పత్రి. మాత్రలు వేసుకుంటోందా అని డాక్టరు అడిగాడు. మూడు వారాలుగా మానేసి ఏవో గింజల నీళ్లు తాగుతోందని బావగారు చెప్పారు. ఏం గింజలని అడగలేదు. వరండాలోకి వెళ్లి ఫోన్లోనే పేజీ తీసేశాను. నిమిషం పట్టలేదు. అప్పటికి నలభై ఒక్క వేల మంది చూశారు.

ఆగస్టు 4
అక్క పోయింది. నీ మాటంటే దానికి గురి, నీకు తెలిసుంటే ఆపేదానివమ్మా అని బావగారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 9
అక్క చాట్ తెరిచాను.
జులై 10. నా పేజీ లింకు. "ఏమే చిన్నీ, ఇది నిజమేనా? ఏది నమ్మాలో నువ్వు పిల్లలకి చెప్తావుగా. నువ్వు వద్దంటే తాగను."
జులై 12. "మౌనం అర్ధాంగీకారం అన్నారు. మాత్రలు మానేశా."
ఆ తర్వాత రోజూ ఒక పువ్వు.