పొయ్యి పగలగొట్టిన ఫొటో

డిసెంబర్ 2, సోమవారం

అత్తమ్మకి రాత్రంతా ఆయాసం. డాక్టరు మళ్ళీ అదే మాట చెప్పాడు. పొగ తగలకూడదు, చన్నీళ్ళు తగలకూడదు. రెండూ మా ఇంట్లో ఎలా కుదురుతాయో మాత్రం చెప్పలేదు. వేణ్ణీళ్ళు కావాలంటే పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించాలి. వెలిగిస్తే పొగ. పోనీ స్నానం మానమంటే ఆవిడ మానదు. నీళ్ళు పోసుకోకుండా దీపం పెట్టదు, దీపం పెట్టకుండా మెతుకు ముట్టదు. నిరుడు కరెంటు రాడ్ కొన్నాం. షాక్ కొట్టింది. అప్పట్నుంచి ఆ రాడ్‌ని పాముని చూసినట్టు చూస్తుంది.

సోలార్ హీటర్ మా వల్ల అయ్యేది కాదు. మిల్లు మూతపడ్డాక మా ఆయన ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తున్నారు. కట్టెల పొయ్యి వాడే ఇళ్ళకి ఒక ట్రస్టు వాళ్ళు సాయం చేస్తున్నారని పక్కింటి వాసవీకుమారి చెప్పింది. ముప్పావు ఖర్చు వాళ్ళది, పావు మనది. మన వాటా పోయిన నెలలోనే కట్టేశాం. ఇవాళ ఫోన్ వచ్చింది. మా పేరు సెలెక్ట్ అయిందట. గురువారం ఇల్లు చూడడానికి వస్తారట.

అమ్మవారి దయ.

డిసెంబర్ 5, గురువారం



మార్గశిర గురువారం కదా, తెల్లవారకముందే లేచి గడప నుంచి పెరటి పొయ్యి దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేశాను. పొయ్యి అలికి ముగ్గు పెట్టాను. ట్రస్టు జీపు వచ్చింది. కోఆర్డినేటర్ పేరు ఫణిభూషణ్. ఒడియావాళ్ళ ఊళ్ళో మన తెలుగాయనే. కెమెరాతో ఒక ఒడియా అమ్మాయి.

ముందు పాత పొయ్యి పగలగొట్టాలి, ఇంటావిడే పగలగొడుతున్నట్టు ఫొటో ఉండాలి, అది రూలు అన్నాడు. ఇవాళ లక్ష్మివారం బాబూ, రేపు పొద్దున్నే పగలగొట్టి ఉంచుతాను అన్నాను. జీపు ఈ లైనుకి ఇవాళే వచ్చిందండీ, లేదంటే మీ పేరు వచ్చే సంవత్సరం చూద్దాం అన్నాడు.

లచ్చివారం పూట పొయ్యి పగలగొట్టిన కొంప యెక్కడైనా సూసినావేటే కోడలా, అని అత్తమ్మ గుమ్మంలోంచి అరిచింది. అరిచి ఆయాసపడింది. మాట కంటే ఆ ఆయాసమే నాకు ఎక్కువ వినబడింది. సరే అన్నాను.

అప్పుడైనా కానిచ్చారా? పొగ చాల్లేదట. కెమెరా అమ్మాయి పచ్చి కొబ్బరి డొక్కలు తెప్పించి పొయ్యిలో పెట్టించింది. నన్ను దగ్గమంది. దగ్గాను. మాఉసీ, ఆఉ థరే, అంది, పిన్నీ ఇంకోసారి అని. ఇంకోసారి దగ్గాను. కళ్ళనీళ్ళు కారుతుంటే బ్యూటిఫుల్ అంది. మంట ఆర్పాక పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, తల్లీ, తప్పు కాయమని దండం పెట్టుకున్నాను. అది కూడా మూడుసార్లు చేయించింది. మొదటిసారి అమ్మవారికి పెట్టాను. మిగతా రెండుసార్లు కెమెరాకి పెట్టాను.

తర్వాత గునపం. మా మామయ్యగారు కట్టిన పొయ్యి. ఒక పట్టాన విరగలేదు.

హీటర్ వారంలో వస్తుందట.

డిసెంబర్ 12, గురువారం

రాలేదు.

డిసెంబర్ 20, శుక్రవారం

వంటగ్యాస్ మీద నీళ్ళు కాచి పెరట్లోకి మోస్తున్నాను. నెలన్నర రావలసిన సిలిండర్ ఇరవై రోజులకి కూడా ఆగేలా లేదు. ఏటే, నీ సూరీడు ఇంకా రానేదేటి, అని అత్తమ్మ రోజూ అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది. అదే నాకు మంట.

ఫణిభూషణ్‌కి ఫోన్ చేశాను. ప్రాసెస్‌లో ఉంది అపా, అన్నాడు. ఇప్పుడు నేను అతనికి అక్కనయ్యాను.

డిసెంబర్ 29, ఆదివారం, రాత్రి

పొద్దున్న గ్యాస్ అయిపోయింది. వాసవీకుమారి ఇంటికి సిలిండర్ అడగడానికి వెళ్ళాను. నేను వచ్చేలోపు అత్తమ్మ తొట్టిలో చన్నీళ్ళు పోసేసుకుంది. ఏటైపోద్దిలే, మా కాలంలో యేణ్ణీళ్ళు యెవుడు కాసేడు, అంది. మధ్యాహ్నానికి పెదవులు నల్లబడ్డాయి. పెద్దాసుపత్రికి పరిగెత్తాం. మూతికి మాస్క్ పెట్టి మందు పొగ పీల్పించారు. ఆ మాస్క్ లోంచి కూడా, దీపం పెట్టావా, అని సైగ చేసింది.

నాకు కోపం రాదని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

జనవరి 3, శుక్రవారం

కొత్త బస్టాండ్ దగ్గర నేను ఉన్నాను. ఇద్దరు మనుషులెత్తు ఉన్నాను.

మందులు కొని వస్తూ చూశాను. ట్రస్టు వాళ్ళ ఫ్లెక్సీ. ఒక పక్క పొగలో ఏడుస్తూ నేను. ఇంకో పక్క గునపం ఎత్తి నేను. కింద ఒడియాలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రామయ్యపట్నం సీతాలు, నిరుపేద మత్స్యకార మహిళ, అక్షరం రాదు, ఇప్పుడు ఆమె ఇంట పొగ లేని వేడినీళ్ళు.

మళ్ళీ చదివాను. అక్షరం రాదట! ఆ మాట చదువుతున్నది ఎవరు? నేను హైస్కూలు పాసయ్యాను. ఒడియా, తెలుగు రెండూ రాస్తాను. సముద్రం ఒడ్డున ఉన్న ఆ రామయ్యపట్నం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పొగ లేదన్న మాట ఒక్కటే నిజం, పొయ్యి కూడా లేదు కాబట్టి.

ఒకావిడ ఫ్లెక్సీ వంకా నా వంకా చూసి, తన పర్సులోంచి పది రూపాయలు తీసి నా చేతిలో పెట్టబోయింది.

జనవరి 8, బుధవారం

ట్రస్టు ఆఫీసుకి వెళ్ళాను. ఈ సంవత్సరం టార్గెట్ కోస్టల్ విలేజెస్ అట. మా పేట అంకులి మున్సిపాలిటీ కింద ఉందని ఆఖర్న తెలిసిందట. ఫొటో మాత్రం మీదే బాగా వచ్చింది అపా, రిప్రజెంటేటివ్‌గా వాడుకున్నాం, అన్నాడు ఫణిభూషణ్. మరి మా పొయ్యి? రిప్రజెంటేటివ్‌గా పగలగొట్టానా? మేము కట్టిన వాటా? నెక్స్ట్ ఇయర్ అడ్జస్ట్ చేస్తాం అన్నాడు.

మరి ఆ సీతాలుకైనా హీటర్ ముట్టిందా అని అడిగాను. ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి వెళ్ళాడు.

వచ్చేటప్పుడు నాకు ఒక క్యాలెండర్ ఇచ్చారు. జనవరి పేజీలో నేనే దగ్గుతున్నాను.

జనవరి 11, శనివారం

రామయ్యపట్నం వెళ్ళి వచ్చాను. మా ఆయనకి గుడికని చెప్పాను. దారిలో గుడి ఉంది, దిగి దండం పెట్టుకున్నాను, కాబట్టి అబద్ధం కాదు.

సీతాలు ఇల్లు అడిగితే, యే సీతాలమ్మా, యీ ఊర్ల ఈదికొక సీతాలుంది, అన్నారు. చివరికి దాలయ్య పెళ్ళాం సీతాలు దగ్గరికి తీసుకెళ్ళారు. ట్రస్టు కాగితాల మీద వేలిముద్ర ఆవిడే వేసిందట. క్యాలెండర్ చూపించాను. చాలాసేపు చూసింది. ఇదేటి నానా, నానింత యెర్రగా ఉంటే మా దాలయ్య ఏటకెల్తాడేటి, ఇంట్లోనే కూకుంటాడు, అని పడి పడి నవ్వింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళందరూ నవ్వారు. నెల రోజుల్లో మొదటిసారి నేనూ నవ్వాను.

హీటర్ రాలేదు. వేలిముద్ర వేయించుకుని, మీ ఊరు ఫొటోకి పనికిరాదని చెప్పి వెళ్ళిపోయారట. సీతాలు రోజంతా ఐసులో రొయ్యలు ఏరుతుంది. రాత్రికి వేళ్ళు వంగవు. వేణ్ణీళ్ళలో పెట్టుకుంటే గాని అన్నం కలపలేదు.

నీ మొకం, నా పేరు, రెండూ కలిపితే ఆళ్ళకొక మనిసి తయారైపోనాది వొదినా, మనిద్దరం మాత్రం యెవులికీ అక్కర్నేదు, అంది. నన్ను వదినా అంది. చేపల కూర పెడతానంది, నేను తిననన్నాను. అయితే కొబ్బరిబొండాం తాగమంది.

ట్రస్టు వార్షికోత్సవం పందొమ్మిదో తారీకున. ఇద్దరం వెళ్దామని అనుకున్నాం.

జనవరి 19, ఆదివారం

స్టేజీ మీద వెనకంతా నేనే. ముందు దండలు వేసుకున్న పెద్దమనుషులు. మేము మూడో వరసలో కూర్చున్నాం. యాంకరమ్మాయి నా ముఖం చూసింది, వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చూసింది. ఆ పిల్ల సంతోషం చెప్పలేను. మన సీతాలు మాఉసీ స్వయంగా వచ్చింది, రెండు మాటలు చెబుతుంది, అని మైకులో అరిచేసింది. అందరూ చప్పట్లు. ఫణిభూషణ్ అడ్డం వచ్చేలోపే సీతాలు నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించేసింది.

నా గొంతు చిన్నది. పూజలో కూడా పక్కవాళ్ళకి వినబడదు. కానీ మైకుకి ఆ సంగతి తెలియదు. నా పేరు కమలాకుమారి, మాది అంకులి, అన్నాను ఒడియాలో. నాకు చదువు వచ్చు. ఈ ఫొటోలో పొగ వీళ్ళు పెట్టించింది. దగ్గు వీళ్ళు దగ్గమన్నది. పొయ్యి ఒక్కటే నిజం, అది లక్ష్మివారం నాడు వీళ్ళు నాతో పగలగొట్టించారు. హీటర్ రాలేదు. మా అత్తగారు చన్నీళ్ళు పోసుకుని ఆసుపత్రి పాలయింది. ఈ ఫొటో మీద మీరు ఎవరెవరి దగ్గర ఎంత తెచ్చుకున్నారో దేవుడికి తెలుసు, నాకు అక్కర్లేదు. నా నీళ్ళు నాకు ఇవ్వండి.

సీతాలు మైకు లాక్కుంది. సీతాల్ని నాను, నాకీ మొకం యెప్పుడొచ్చిందో యీ బాబుని అడగండి, అంది తెలుగులో. వెనక వరసల్లో తెలుగువాళ్ళు గొల్లుమన్నారు. దండలు వేసుకున్నవాళ్ళు పక్కవాళ్ళని ఏమిటేమిటని అడుగుతున్నారు. అప్పుడు మైకు ఆగిపోయింది, కరెంటు పోయిందన్నారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

జనవరి 20, సోమవారం

మా ఆయన మాట్లాడడం లేదు. బట్టల కొట్లో అందరూ వీడియో చూశారట. పరువు పోయిందంటారు. పొగలో ముక్కు చీదుతూ బస్టాండ్‌లో నిలబడ్డప్పుడు పోనిది, స్టేజీ మీద నిజం చెబితే పోయిందా?

నువ్వు గాని అంత మాటన్నావేటే, అని అత్తమ్మ నన్ను కింద నుంచి పైకి చూసింది.

జనవరి 22, బుధవారం

ఫణిభూషణ్ ఫోన్. మమ్మల్ని అంత ఇది చేయాల్సింది కాదు మేడమ్, అన్నాడు. అక్కని కాదిప్పుడు. రెండు హీటర్లు సాంక్షన్ అయ్యాయి, రేపే మీ ఇంటికి అన్నాడు. ముందు రామయ్యపట్నంలో పెట్టండి, తర్వాతే మాకు, అన్నాను. మాది పెట్టేసి ఆవిడని మర్చిపోతారని నాకు తెలుసు.

రాత్రి పక్కగదిలో అత్తమ్మ పిల్లికూతలు వింటుంటే మాత్రం నా నాలుక కోసేసుకోవాలనిపించింది. ఎవరికోసం మొదలుపెట్టాను, ఎవరికి ముందు ఇప్పించాను? తప్పో ఒప్పో అమ్మవారు చెప్పలేదు. నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను.

జనవరి 25, శనివారం

సీతాలు ఫోన్ చేసింది. నీళ్ళు సలసల కాగిపోతన్నాయి వొదినా, మా దాలయ్య రెండుపాలి పోసుకుని పెళ్ళికొడుకైపోనాడు, నాకే మిగల్నేదు, అంది.

జనవరి 27, సోమవారం

డాబా మీద ట్యాంకు పెట్టారు. పైపు పెరట్లోకి దించారు. ఎండ బాగుంది. ఫొటోకి రేపు వస్తారట. హీటర్ ముట్టినట్టు ఫొటో లేకపోతే వెనక్కి తీసుకెళ్ళాలట. నేను ససేమిరా అన్నాను. అత్తమ్మ నన్ను ఊరుకోమంది. పోసుకునేది నానా, నువ్వా? నా మొకం తీసుకోమను, అంది.

జనవరి 28, మంగళవారం, పదిన్నర

ఫణిభూషణ్, కెమెరా అమ్మాయి తొమ్మిదికే వచ్చారు. ముందు తానం, ఆ తర్వాతే మీ పొటో, అని తలుపేసుకుంది అత్తమ్మ. ఇంకా పోసుకుంటూనే ఉంది. లోపల ఏదో పాడుతోంది కూడా. వాళ్ళిద్దరూ అరుగు మీద ఎండలో కూర్చున్నారు.

నేను టీ పెట్టలేదు.