ఇద్దరినీ వెంటబెట్టుకుని రావలెను

ఫ్రెస్నో,
ఫిబ్రవరి 9

రాష్ట్ర ప్రసూతి భత్యాల ఆఫీసులో నా కాగితం ఎవరి బల్ల మీద ఉందో వారికి,

పా కూ హెర్ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ అది మీ చేతుల్లో ఉంది.

నేను ఇక్కడ నారింజల షెడ్డులో పెట్టెలు ఎత్తే పని చేస్తాను. నెలలు నిండుతున్నాయి, ఇక బరువులొద్దని జనవరి నాలుగున డాక్టరు పని మాన్పించారు. ఆ రోజే మీకు ఫారం పంపాను. ఫిబ్రవరి ఒకటిన పొట్ట కోసి ఆడపిల్లను తీశారు. పిల్ల బాగుంది. కుట్లే బాగాలేవు. దగ్గినా లాగుతున్నాయి, తుమ్మినా లాగుతున్నాయి, మీ కవరు వచ్చిందేమోనని పోస్టు డబ్బా దాకా నడిచినా లాగుతున్నాయి. ఎనిమిది వారాలు బరువు ముట్టుకోవద్దన్నారు డాక్టరు. ఆ ఎనిమిది వారాలూ మీ భత్యంతో గడుస్తాయనుకున్నాం. మావారు టెంగ్ కూడా కోళ్ళ ఫ్యాక్టరీలో పని ఆపి, పసిబిడ్డ తండ్రికిచ్చే సెలవు భత్యం కోసం మీకే రాశారు. ఇద్దరికీ ఒక్క ముక్క రాలేదు.

ఇంటాయన అద్దెకు మార్చి ఎనిమిది దాకా గడువిచ్చాడు. ఆలోగా మీ దగ్గర్నుంచి ఏమీ రాకపోతే కుట్లు మానకముందే వెళ్ళి పెట్టెలు ఎత్తాలి. వస్తావా రావా అని మేస్త్రి ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఇది కోపంతో రాసిన ఉత్తరం కాదండీ. భయంతో రాసింది.

ఎదురుచూస్తూ,
పా కూ హెర్

తా.క. బిడ్డ ఫొటో పెడుతున్నాను. ఫొటోలు పంపవద్దని మీ ఫారంలో ఉంది. కానీ చూశాక ఆపడానికి ఎవరికీ చేతులు రావని మా అత్తగారు పెట్టమన్నారు.

—

ఫిబ్రవరి 13

క్లెయిము దాఖలు చేసిన శ్రీమతి హెర్ గారికి,

తమరి ఉత్తరము అందినది. ఫైలు పరిశీలించడమైనది. పరిశీలనలో ఒక అనుమానాస్పద విషయము బయటపడినది.

ఆసుపత్రి కాగితము ప్రకారము బిడ్డ తండ్రి పేరు టెంగ్ మోవా. తండ్రి సెలవు కోరిన వ్యక్తి పేరు నియా టెంగ్ మోవా. చిరునామా ఒకటే. బిడ్డ ఒకటే. తండ్రులు ఇద్దరు. ఇట్టి సందర్భములో ఆ బిడ్డకు సంబంధించిన ఫైళ్ళన్నియు, తల్లి ఫైలుతో సహా, నిలిపివేయబడును. వివరణ పంపవలెను.

ఇట్లు,
లోరెట్టా పికెట్,
పరిశీలకురాలు

తా.క. ఫొటో ఫైలులో భద్రపరచడమైనది. జుట్టు చాలా ఉన్నది.

—

ఫ్రెస్నో,
ఫిబ్రవరి 16

లోరెట్టా పికెట్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మావారు చదివారు. ‘తండ్రులు ఇద్దరు’ అన్నచోట వేలు పెట్టి, “ఎవడే ఆ రెండోవాడు?” అని నన్నే అడిగారు. వేళాకోళమేమో అని మొహం చూశాను. కాదు. పైన ముద్ర ఉన్న కాగితం ఏం చెప్పినా మా ఇంట్లో నమ్మేస్తారు.

రెండోవాడు లేడండీ. ఆయనే ఇద్దరూ. మా మోంగ్ తెగవాళ్ళలో మగవాడికి బిడ్డ పుడితే ఇక కుర్రవాడు కాదని లెక్క. అత్తమామలు అతని పేరుకు ముందు ఒక పెద్ద పేరు చేరుస్తారు. మా బిడ్డ పుట్టిన మూడోరోజు పొద్దున, బిడ్డ ఆత్మను గుమ్మం దగ్గర పిలిచి ఇంట్లోకి తీసుకున్నాక, మా నాన్న మావారి మణికట్టుకు తెల్లదారం కట్టి ‘నియా’ అన్న పేరు ఇచ్చారు. మర్నాడే ఆయన మీ ఫారం నింపారు. కొత్త పేరు కదా, రాసుకోవాలని మురిపెం. పైగా పాత పేరు రాస్తే మామగారిచ్చినదాన్ని పక్కన పడేసినట్టు. ఆసుపత్రిలో రాయించినరోజున మాత్రం ఆయన ఇంకా వట్టి టెంగే.

ఇంత చిన్న విషయమే. దయచేసి ఆయన్ని ఒక్కరిగా చేసేయండి. మార్చి ఎనిమిది దగ్గరికొస్తోంది.

మీ మేలు మరువని,
పా కూ హెర్

తా.క. మావారు ఇద్దరి తిండి తింటారన్నది నిజం. అది మాత్రం ఫైలులో ఎక్కించకండి.

—

ఫిబ్రవరి 19

శ్రీమతి హెర్ గారికి,

వివరణ అందినది. తమరి తండ్రి, అనగా మూడవ వ్యక్తి, తమరి ఇంట ఒకరికి కొత్త పేరు ఇచ్చినట్లు తమరే అంగీకరించినారు. కోర్టు ఉత్తర్వు జతపరచలేదు. కనుక అనుమానము తొలగకపోగా పెరిగినది.

టెంగ్ మోవా, నియా టెంగ్ మోవా, ఈ ఇద్దరినీ వెంటబెట్టుకుని తమరు పది రోజులలోగా ఫ్రెస్నో కార్యాలయమునకు స్వయముగా రావలెను. రానిచో మోసము కింద దర్యాప్తునకు పంపబడును.

ఇట్లు,
లోరెట్టా హాన్లీ,
పరిశీలకురాలు

తా.క. దారము పంపవద్దు. పంపినచో దానికి వేరే ఫారం ఉన్నది.

—

ఫ్రెస్నో,
ఫిబ్రవరి 22

లోరెట్టా గారికి,

మీ ఉత్తరంలో ‘మోసము’ అన్న మాట చదివినప్పటినుంచి నాకు పాలు సరిగా పడడం లేదు. పిల్ల ఏడుస్తోంది. పిల్లను చూసి నేను, నన్ను చూసి మావారు. మా అత్తగారు ఏడవలేదు. సంచి సర్దుకున్నారు. ఎక్కడికత్తయ్యా అంటే, “ఎక్కడికి పంపిస్తారో తెలిస్తే కదా చెప్పడానికి” అన్నారు. అందులో అన్నం వండుకునే కుక్కరు కూడా పెట్టారు. అప్పటినుంచి పోస్టుమాను వస్తున్న చప్పుడైతే చాలు, మావారిని స్నానాలగదిలోకి తోసి గడియ పెడుతున్నారు.

నవ్వకండి. ఆమె భయానికి కారణం ఉంది. మా దేశంలో యుద్ధం నుంచి పారిపోయి, నదిని ఈది దాటి థాయ్‌లాండు శరణార్థి శిబిరంలో ఉన్న రోజుల్లో, ఆమె చెల్లెలి పేరు రెండు జాబితాల్లో రెండు రకాలుగా పడిందట. ఈ దేశానికి విమానం ఎక్కేరోజున బల్ల దగ్గర కూర్చున్న దొర, “ఇద్దరున్నారుగా, రెండోమనిషి ఏది?” అన్నాడట. చూపించలేకపోయారు. చెల్లెల్ని దింపేశారు. మళ్ళీ అక్కాచెల్లెళ్ళు కలుసుకునేసరికి నాలుగేళ్ళు. అందుకే ఈ ఇంట్లో రెండు పేర్లంటే నవ్వులాట కాదు.

నేను మీ ఆఫీసుకు రాలేను. కాన్పైన ఆడది ముప్ఫై రోజులు ఇంకొకరి గడప తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంటి దేవతలకు కోపం వస్తుంది, ఆ ఇంటివాళ్ళకు కష్టాలొస్తాయి. నాకు ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. మీరు భత్యం ఆపినా సరే, మీ ఆఫీసుకు కీడు చేసిన పాపం నాకొద్దు.

భయంతో, కానీ గౌరవంగానే,
పా కూ హెర్

తా.క. మీ ఆఫీసుకు ఇంటి దేవతలు ఉన్నారా? లేకపోతే రావచ్చేమో అంటున్నారు అత్తగారు. కనుక్కుని రాయండి.

ఇంకో తా.క. మొదటి ఉత్తరం పికెట్ గారు రాశారు, రెండోది హాన్లీ గారు. మీరిద్దరూ నన్ను వేరువేరుగా పిలుస్తారా? నాకున్నది ఒక్క కడుపు, ఒక్క వరస కుట్లు.

—

ఫిబ్రవరి 25

శ్రీమతి హెర్ గారికి,

బిల్డింగు నిర్వాహకుడిని విచారించడమైనది. మా ఫ్రెస్నో కార్యాలయములో దేవతలు ఉన్నట్లు రికార్డులో లేదు. మూడవ అంతస్తులో ఒక శబ్దము ఉన్నది, అది నీళ్ళ పైపు అని ఆయన అభిప్రాయము. ఆయన అంత గట్టిగా చెప్పలేదు. కనుక తమరు రావద్దు.

బదులుగా మార్చి ఒకటిన మా ఇన్‌స్పెక్టర్ తమరి ఇంటికి వచ్చును. పేర్లలో ఉన్న ఇద్దరు వ్యక్తులను హాజరుపరచవలెను. ఆయన ఏమి రాస్తే అదే జరుగును. నేను చేయగలిగినది ఇంతే.

హాన్లీ నేనే. పికెట్ కూడా నేనే. పెళ్ళి అయినది. అది తమరి ఫైలుకు ఏమాత్రము సంబంధము లేని విషయము.

ఇట్లు,
లోరెట్టా హాన్లీ,
పరిశీలకురాలు

తా.క. తమరి అత్తగారిని సంచి విప్పమనండి. కనీసం కుక్కరైనా.

—

ఫ్రెస్నో,
మార్చి 2

లోరెట్టా అక్కకు,

అక్కా అన్నందుకు ఏమీ అనుకోకండి. ఇక ఈ ఆఫీసులో నాకు దిక్కు మీరే. మేము మునిగిపోయాం.

నిన్న మీ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. పొడుగ్గా ఉన్నారు, మొహంలో ఏమీ తెలియడం లేదు. గుమ్మానికి పచ్చికొమ్మ కట్టి ఉంది, అంటే పురిటిల్లు, పైవాళ్ళు రాకూడదని. చెప్పగానే పాపం వరండాలోనే నిలబడ్డారు. నేను బిడ్డనెత్తుకుని గడప లోపల కూర్చున్నాను.

“టెంగ్ మోవా ఎవరు?” అన్నారు. మావారు చెయ్యెత్తారు.

“నియా టెంగ్ మోవా?” అన్నారు.

మావారు రెండో చెయ్యి కూడా ఎత్తబోయారు. ఇంతలో వంటింటి పక్కనుంచి మా బావగారు చెర్ వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు!

నాకు తెలియదక్కా, ఒట్టు. బావగారు మావారి అన్న. లావాటి మనిషి. మావారి పెళ్ళి చొక్కా తొడుక్కున్నారు, ఒక్క బొత్తామూ పట్టలేదు. జుట్టుకు నూనె. మా అత్తగారు వెనకనుంచి, “అడుగో, రెండోమనిషి! చూసుకోండి! ఇద్దరూ ఉన్నారు!” అని కేకేశారు.

ఇన్‌స్పెక్టర్ బావగారిని, “ఈ బిడ్డకు మీరు తండ్రేనా?” అని అడిగారు. బావగారు అబద్ధమాడని మనిషి. “పెదనాన్నని” అన్నారు. మాలో తండ్రి అన్న కూడా తండ్రే. ఇన్‌స్పెక్టర్ అది రాసుకున్నారు. “అయితే ఎత్తుకోండి” అన్నారు. బావగారు బిడ్డను చీపురుకట్ట పట్టుకున్నట్టు పట్టుకున్నారు. అది కేరుమంది. మావారు లాక్కుని భుజాన వేసుకుంటే ఊరుకుంది. ఇన్‌స్పెక్టర్ అదీ రాసుకున్నారు. అత్తగారు పెట్టిన ఉడకబెట్టిన గుడ్డు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక నేను అత్తగారి మీద అరిచాను. జీవితంలో మొదటిసారి. ఎందుకు చేశారత్తయ్యా అంటే ఆమె నెమ్మదిగా, “ఇద్దర్నీ తెమ్మని రాశారుగా. ఆరోజు రెండోమనిషి లేకే నా చెల్లెల్ని దింపేశారు. ఈసారి లేడనిపించుకోదలచుకోలేదు” అన్నారు.

ఇక మావారిని మోసగాడంటారు. మేస్త్రికి ఫోన్ చేసి చెప్పేశాను, ఎనిమిదో తేదీన వస్తున్నానని. కుట్ల మీద గుడ్డ గట్టిగా బిగించుకుంటాను. ఒక్కటే కోరిక. ఏదైనా చేస్తే ముందు ఉత్తరం రాసి చేయండి. చెప్పకుండా మనిషిని తీసుకుపోవద్దు. అది మాత్రం మేం తట్టుకోలేం.

మీ చెల్లెలిలాంటి,
పా కూ

తా.క. చొక్కా చంక దగ్గర చిరిగింది. అది మావారి పెళ్ళి చొక్కా అని బావగారే ఇప్పుడు ఎక్కువ బాధపడుతున్నారు.

—

శాక్రమెంటో,
మార్చి 5

పా కూకు,

ఇది ఆఫీసు కాగితం కాదు, మా ఇంటిది. అందుకే ‘డమైనది’లు లేవు.

ముందు ముఖ్యమైన మాట. ఎవరూ మీ ఇంటికి రారు. ఎవరినీ తీసుకుపోరు. నీ చెక్కు, మీవారి చెక్కు రెండూ ఈ కవరులోనే ఉన్నాయి, జనవరి నుంచి ఆగినదంతా కలిపి. మేస్త్రికి ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పు. తరువాత మిగతాది చదువు.

ఇన్‌స్పెక్టర్ నివేదిక నాలుగు వాక్యాలు. ‘ఇద్దరు మగవారిని చూశాను. ఒకరికి చొక్కా పట్టలేదు, బిడ్డనూ పట్టుకోవడం రాలేదు. తండ్రి ఒక్కరే. గుడ్డు బాగుంది.’ అది చేతపట్టుకుని చెక్కులు పంపుదామని నిన్న నీ ఫైలు మళ్ళీ తెరిచాను. అప్పుడు కనబడింది అసలు సంగతి.

పా కూ, నీ ఫైలు ఆగింది మీవారి పేరు వల్ల కాదు. ఆయన ఫారం రావడానికి చాలా ముందే ఆగింది. జనవరి ఇరవైనే నేను అంతా చూసి సరేనని సంతకం పెట్టాను. హాన్లీ అని. అంతకు రెండు వారాల ముందే నాకు పెళ్ళయింది, యాభై రెండేళ్ళకు. కొత్త పేరు రాసుకోవాలని నాకూ మురిపెమే. నీకు రాసిన మొదటి ఉత్తరంలో మాత్రం పాత అలవాటున పికెట్ అని పడింది. ఆఫీసు కంప్యూటరుకు తెలిసిందేమో పికెట్. ఒక బల్ల దగ్గర ఇద్దరు లోరెట్టాలు కూర్చున్నారని అది ఆపేసింది. నీదొక్కటే కాదు. జనవరి నుంచి నా చేతి మీదుగా పోయిన నూట పన్నెండు ఫైళ్ళూ. నూట పన్నెండు మంది తల్లులు. ఎందుకు ఆగాయో వెతకకుండా, మీవారి రెండు పేర్లు కనబడగానే దొంగ దొరికాడనుకుని వాటి వెంటపడ్డాను. మీ దగ్గర బిడ్డ పుడితే మగవాడి పేరు మారుతుందని నిన్ను కోర్టు కాగితం అడిగాను. నా పేరు ఎందుకు మారిందో నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

నన్ను క్షమించు. మీ అత్తగారికి కూడా చెప్పు. ఆమె చెల్లెలి సంగతి చదివినరోజునే ఆగి ఆలోచించి ఉండాల్సింది.

మా పై అధికారి నీ ఫైలూ, మిగతా నూట పదకొండూ తన సంతకంతో వదిలేశారు. ఇక నా సంగతే తేలాలి. ఇవాళ పొద్దున నా బల్ల మీద ఒక కవరు ఉంది. అందులో వాక్యాలు నాకు కంఠతా వచ్చు, అన్నేళ్ళుగా నేనే కదా అందరికీ పంపుతున్నాను. ‘లోరెట్టా పికెట్, లోరెట్టా హాన్లీ, ఈ ఇద్దరినీ వెంటబెట్టుకుని స్వయముగా రావలెను. రానిచో మోసము కింద దర్యాప్తునకు పంపబడును.’ నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదువుకున్నాను.

బిడ్డను ముద్దాడినట్టు చెప్పు.

నీ అక్క,
లోరెట్టా

తా.క. గురువారం పిలిచారు. మీ అత్తగారిని అడిగి వెంటనే రాయి, నా పక్కన నిలబడడానికి ఒక మనిషిని పంపగలరా? బొత్తాలు పట్టే చొక్కా నేను తెస్తాను.