ఎడమ బ్రాకెట్

మే 8, 2023, సోమవారం

చెన్నై ఫ్యాక్టరీలో ట్రైఅవుట్, అంటే మొదటిసారి రేకు పెట్టి కొట్టి చూడటం, శుక్రవారమని ఖరారైంది. రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చు, డై, తయారై కూర్చుంది. కారులో సీటు బెల్టు బిగించే బ్రాకెట్లు, కుడిదీ ఎడమదీ, ఒకే డైలో ఒకేసారి వస్తాయి. రేకు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ పగులుతుందో కంప్యూటర్లో ముందే చూసి ఓకే చెప్పింది నేను. మార్కాపురంలో, మా మేడ మీద గదిలో కూర్చుని.

బాగానే వస్తుంది. రావాలి.

మే 10, మధ్యాహ్నం

పాత మెయిళ్లు సర్దుతుంటే రివైజ్డ్ డ్రాయింగ్ కనబడింది. ఎడమ బ్రాకెట్‌కు వైరు పోవడానికి ఒక గాడి అదనం. డై చేసినవాళ్లు ఆ గాడి పెట్టారు. నేను సిమ్యులేషన్‌లో పెట్టలేదు. కుడి సగమే రన్ చేసి, ఎడమదీ అచ్చం అట్లాగే వస్తుందిలే అనుకున్నాను. పైగా ఇక్కడ ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. మొత్తం మోడల్ పెడితే పొద్దంతా తిరగాలి, మధ్యలో ఇన్వర్టర్ చేతులెత్తేస్తే మళ్లీ మొదటికే. సగంతో ఒడ్డెక్కాను. ఏం తెలివి!

ఇప్పుడు మొత్తం పెట్టాను. ఇన్వర్టర్ మీద భారం తగ్గుతుందని ఫ్యాన్ ఆపేశాను. అమ్మ పైకొచ్చి, ఏందే ఇట్ల చెమటలు కారుస్తా కూర్చున్నావు, ఫ్యాను చెడిపోయిందా అంది.

మే 11

తెర మీద గాడి పక్కన పసుపు రంగు. పగులు లేదు. కానీ రేకు ఉండకూడనంత పలచబడింది. పగిలితే ఎవరి కంటికైనా కనబడేది. ఇది కనబడదు.

మేనేజర్ కరుణాకరం సార్‌కు ఫోన్ చేయబోయి పెట్టేశాను. అప్రైజల్ ఈ నెలలోనే. ఇంటి నుంచి పనిచేసేదాన్ని, ముందు నన్నే పీకేస్తారు. రేపు ట్రైఅవుట్‌లో అక్కడే పగిలిపోతే నేను నోరు తెరవక్కర్లేదు. పగలాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇట్లా ఎవరైనా మొక్కుకుంటారా?

మే 12

పగల్లేదు.

మే 12, సాయంత్రం

ఆఫీసు గ్రూపులో ఫోటోలు. ప్రెస్సు మిషనుకు పూలదండ, కొట్టిన కొబ్బరికాయ, నిగనిగలాడే రెండు బ్రాకెట్లు. నా పేరు పెట్టి మరీ అభినందనలు. నాయన ఆ ఫోటోను మా స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చూపించాడట, మా అమ్మాయి చేసిందే అని. సోమవారం నుంచి ప్రొడక్షన్. ఎప్పుడో ఎవరో ఆ బెల్టు పెట్టుకుని కంభం రోడ్డులో పోతుంటారు. గేదె అడ్డమొస్తుంది. బ్రేకు వేస్తారు. ఆలోచన అక్కడితో ఆపుదామంటే ఆగడం లేదు.

మే 13

సార్‌కు చెప్పేశాను. ఎడమదాన్ని గాడి దగ్గర కోసి మందం కొలవమన్నాను. ఓకే అన్నదీ నువ్వే, ఆపమనేదీ నువ్వేనా అన్నారు. అవునన్నాను. సోమవారం కోయిస్తానని ఫోన్ పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

మే 15

కోశారు. పలచగానే ఉంది. ప్రొడక్షన్ ఆపి, డైని సరిచేయడానికి పంపారు. నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. మిగతాది హెచ్ఆర్ చెబుతుందట.

నాయనకు చెప్పాను. దుకాణానికి పోబోతూ గడపలో ఆగి, ఎవురికన్నా దెబ్బ తగిలిందా అమ్మా అని అడిగాడు. లేదు నాయనా, ఎవరికీ తగల్లేదు అన్నాను.

ఎవరికీ తగల్లేదు.